వ్యసనం, విలోభనం: కరువు కథలో పాత్రపరిణామం

రాయలసీమ కథాసాహిత్యంపై వెలువడిన సిద్ధాంతవ్యాసాలలో ‘కరువు చిత్రణ’ అనే అధ్యాయం దాదాపు తప్పనిసరి అయింది. అందులో జరిగే పని సాధారణంగా ఒకటే. ఎండిన చెరువులు, బీడుపడిన చేలు, కబేళాకు తరలిన ఎద్దులు, బెంగుళూరు బస్సెక్కిన కుటుంబాలు ఏ కథలో ఏ పుటలో ఉన్నవో ఏరి చూపడం. దాని వెంట ‘పాత్రచిత్రణ’ అనే మరొక అధ్యాయం వస్తుంది. రైతు సహనశీలి అనీ, అతని భార్య త్యాగమూర్తి అనీ, వడ్డీవ్యాపారి నిర్దయుడు అనీ అందులో నిర్ణయం జరుగుతుంది. ఈ రెండధ్యాయాలకు నడుమ ఉండవలసిన సేతువు మాత్రం అరుదుగా కనిపిస్తుంది. కథ మొదట ఉన్న మనిషి కథ చివరకు మరొక మనిషి అయినాడా, అయితే కరువు అతనిలో దేనిని కదిలించినందువల్ల అయినాడు, అన్న ప్రశ్న వేయనంతకాలం ఈ పరిశోధన వర్షపాత నివేదికకు సాహిత్యానుబంధంగా మిగులుతుంది.

కరువు ఒక స్థితి. స్థితి ఎంత దారుణమైనా దానంతట అది సంఘర్షణ కాదు. ఇది మాటల గారడీ కాదని తెలియడానికి తనకల్లు వంటి ఒక మండలాన్ని చూస్తే చాలు. 2022 ఏప్రిల్ వరకు అనంతపురం జిల్లాలో ఉండి, నాటినుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన ఈ ప్రాంతం కదిరికి అవతల, కర్ణాటక సరిహద్దుకు చేరువలో ఉన్న ఎర్రనేలల మెట్టసీమ. ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. పడమటి కనుమల చాటున ఉన్నందున నైరుతి ఋతుపవనం ఇక్కడికి అరకొరగా చేరుతుంది. తీరానికి దూరమైనందున ఈశాన్య ఋతుపవనమూ అంతే. పాపాఘ్ని నది ఈ ప్రక్కనే పారుతున్నా ఏడాదిలో చాలాకాలం దానిలో కనిపించేది ఇసుకే. ఇదంతా తరతరాలుగా ఉన్నది. తనకల్లు రైతుకు వాన రాకపోవడం విశేషం కాదు, వస్తే విశేషం. పుట్టినప్పటినుండి తెలిసిన దానితో మనిషి నిత్యం సంఘర్షించడు; దానితో కాపురం చేస్తాడు.

సంఘర్షణ ఎక్కడ మొదలవుతుంది? ఆరుద్ర కార్తెలో ఒక పదును పడుతుంది. ఇంట్లో విత్తనపు వేరుశనగ కాయలు రెండు మూటలు ఉంటాయి. విత్తితే మరల పదునుకు పైరు నిలుస్తుందన్న హామీ లేదు. విత్తకపోతే ఆ ఏడు సేద్యం లేదు. అమ్మితే కూతురి పెండ్లికి తెచ్చిన బాకీలో కొంత తీరుతుంది. అప్పులవాడు వాకిట ఉన్నాడు, అది బాహ్యం. విత్తనం అమ్ముకున్న ఇల్లని ఊరు అంటుందేమోనన్న జంకు లోపల ఉన్నది, అది ఆంతరం. ఆ రాత్రి ఆ రైతు ఏ నిర్ణయం తీసుకుంటాడో అక్కడ కథ ఉన్నది. ఆకాశంలో మబ్బు లేకపోవడంలో లేదు.

ప్రాచ్యకళాశాలలలో అలంకారశాస్త్రం చెప్పేవారికి ఈ భేదాన్ని వివరించడానికి పరాయి పరిభాష అవసరం లేదు. ధనంజయుని దశరూపకం కార్యానికి ఐదవస్థలు చెప్పింది: ఆరంభం, యత్నం, ప్రాప్త్యాశ, నియతాప్తి, ఫలాగమం. ‘అవస్థ’ అనే మాట సంస్కృతంలో స్థితివాచకం. తెలుగులో వాడుకలో కష్టానికి పేరు. కరువు కథలలో అధికభాగానికి వచ్చిన చిక్కు సరిగా ఈ రెండర్థాల మధ్యనే ఉన్నది. తెలుగు అర్థంలో అవస్థలు పుష్కలంగా ఉంటాయి. ధనంజయుని అర్థంలో మొదటి అవస్థ అయిన ఆరంభమే ఉండదు, ఎందుకంటే పాత్ర దేనికీ పూనుకోదు. పూనుకోని పాత్రకు యత్నం లేదు, ప్రాప్త్యాశ లేదు, ఆశాభంగమూ లేదు.

అదే గ్రంథంలో విమర్శసంధి లక్షణం మరింత ఉపకరిస్తుంది. ఫలప్రాప్తి విషయమై నాయకుడు వెనుకముందులాడే ఘట్టానికి అక్కడ మూడు హేతువులు చెప్పబడ్డాయి: క్రోధం, వ్యసనం, విలోభనం. క్రోధం, విలోభనం మనసుకు సంబంధించినవి. వ్యసనం అంటే ఆపద, వెలుపలినుండి వచ్చిపడేది. పదవ శతాబ్దపు శాస్త్రకారుడు ఆంతర, బాహ్య హేతువులను ఒకే సూత్రంలో గుదిగ్రుచ్చినాడన్నది గమనార్హం. వ్యసన శబ్దానికి సంస్కృతంలోనే మరొక అర్థం కూడా ఉన్నది: మానలేని చెడు అలవాటు. తెలుగువాడికి మిగిలింది ఈ రెండవ అర్థమే. ఆపద, అలవాటు ఒకే మాటలో ఇమిడి ఉండడం నిఘంటుకారులకు వట్టి నానార్థం కావచ్చు. అనంతపురం మెట్టరైతు జీవితంలో అది ఒక కథావస్తువు.

బోరుబావి విషయమే చూడవచ్చు. మొదటి బోరు ఆపద వల్ల వేయిస్తాడు. చేను ఎండుతున్నది, మరొక మార్గం లేదు. అరచేతిలో టెంకాయ నిలిపి జల చూసేవాడు చోటు చూపుతాడు, యంత్రం వస్తుంది, దుమ్ము తప్ప ఏమీ రాదు. రెండవ బోరుకు భార్య మెడలోని బంగారం పోతుంది. మూడవసారి యంత్రాన్ని పిలిచినప్పుడు అతనిని నడిపిస్తున్నది చేను ఎండడం కాదు. పోయినదానిని రాబట్టుకోవాలన్న పట్టుదల, ఇరుగుపొరుగు చేలో నీళ్లు పడినవన్న ఉక్రోషం, ఇంకొక యాభై అడుగులు దిగి ఉంటే పడేదేమోనన్న ఆశ. ఆపద అలవాటుగా మారింది. వెలుపలి వ్యసనం లోపలి వ్యసనమైంది. ఈ మార్పు ఎప్పుడు జరిగిందో ఆ మనిషికే తెలియదు, తెలియజెప్పగలిగినవాడు కథకుడు. సింగమనేని నారాయణ (1943–2021) మెట్టసేద్యాన్ని గురించిన తన కథకు ‘జూదం’ అని పేరు పెట్టడంలో ఈ దృష్టి స్ఫుటంగా ఉన్నది. ఆ పేరును కరువు తీవ్రతకు ఉపమానంగా మాత్రమే గ్రహించి విడిచిన వ్యాఖ్యానాలు ఆ మాటకు న్యాయం చేయవు. జూదంలో పాచికలు ఎంత నిజమో, ఆడేవాడి చేయి అంత నిజం.

జూదమంటే అరణ్యపర్వంలోని నలోపాఖ్యానం గుర్తుకు రాక మానదు. తెలుగులో ఇది నన్నయభాగంలోనిదే. కలి నలునిలో ప్రవేశిస్తాడు, ద్వాపరుడు పాచికలలో చేరుతాడు, నలుడు పుష్కరునికి రాజ్యం ఓడిపోతాడు. ఇంతవరకు అంతా బాహ్యశక్తుల పని. అడవిలో నిద్రిస్తున్న దమయంతిని విడిచిపోయే ఘట్టంలో మాత్రం కథ తీరు మారుతుంది. ఉన్న ఒక్క వస్త్రాన్ని సగానికి కోసుకొని నలుడు పోతాడు, వెనుకకు వస్తాడు, మరల పోతాడు. ఆలంకారికులు భావసంధి, భావశబలత అని పేర్కొన్నవాటికి ఇంతకంటే మంచి ఉదాహరణ వెదకనక్కరలేదు. ఆస్తి అంతా ఓడి, భార్యను తన దురదృష్టంలో భాగస్వామిని చేయలేక, చేయకుండా ఉండనూ లేక, తెల్లవారకముందే ఇల్లు విడిచి పట్నానికి పోయే మగవాడు తనకల్లు ప్రాంతపు కథకునికి అపరిచితుడు కాడు. తరువాత ఋతుపర్ణుని వద్ద అక్షహృదయం గ్రహించినప్పుడే కలి నలుని విడిచిపోవడం, అదే జూదం అదే పుష్కరునితో మరల ఆడి గెలిచి అతనిని క్షమించడం చూస్తే పాత్రపరిణామం అన్నది ఆధునికుల కల్పన కాదని తెలుస్తుంది. ఆట అదే. ఆడినవాడు వేరు. ఈ కథను బృహదశ్వుడు చెప్పింది జూదంలో సర్వస్వం పోగొట్టుకున్న ధర్మరాజుకు. విని ఊరట పొంది ఊరకుండక ధర్మరాజు ఆయన వద్దనే అక్షహృదయం కూడా నేర్చుకున్నాడు.

అంతమాత్రాన ‘అన్నీ మన శాస్త్రాలలోనే ఉన్నవి’ అని తృప్తిపడితే అది మరొక పొరపాటు. ధీరోదాత్తాది విభాగం నాయకుని స్వభావాన్ని ముందే నిర్ణయిస్తుంది. వ్యభిచారిభావాలు స్థాయిని పోషించి వెళ్లిపోవలసినవే తప్ప పాత్రను శాశ్వతంగా మార్చవలసినవి కావు. అందుచేత సంఘర్షణకు శాస్త్రంలో చోటున్నది గాని, దాని ఫలితంగా మనిషి వేరైపోవడానికి పేరు లేదు. పైగా ఆంతరసంఘర్షణను బాహ్యానికి నెట్టే మర్యాద ఒకటి కావ్యాలలో ఉన్నది. భారతంలో దుష్యంతుడు శకుంతలను ఎరిగి ఉండే, లోకాపవాదానికి వెరచి కాదంటాడు. కాళిదాసు దుర్వాసుని శాపాన్ని కల్పించి రాజును నిర్దోషిని చేసినాడు. ఆరవ అంకంలోని పశ్చాత్తాపం ఎంత మనోహరమైనా, తెలిసి చేసిన తప్పుకు పడే పశ్చాత్తాపం కాదది. నేటి కరువు కథలో వాన ఆ శాపం చేసిన పనే చేస్తున్నది. మనిషి చేసిన ప్రతి పనికీ వాన రాకపోవడమే జవాబుదారీ అయినప్పుడు మనిషిని అడగడానికి ఏమీ మిగలదు.

తెలుగు విమర్శలో ఈ ప్రశ్నను గట్టిగా వేసినవాడు కట్టమంచి రామలింగారెడ్డి. 1914లో వెలువడిన కవిత్వతత్త్వ విచారంలో ప్రబంధాల వర్ణనాధిక్యాన్ని నిరసించి, కథను, పాత్రను కొలబద్దగా చేసుకొని పింగళి సూరన కళాపూర్ణోదయాన్ని మెచ్చుకున్నాడు. ఆ మెప్పుకు తగిన కారణం కావ్యంలో ఉన్నది. అలంకరించుకొని వచ్చిన భార్యకు దూరంగా ఉండిన శాలీనుడు, సుగాత్రి నగలు తీసివేసి తోటపనిలో తనకు తోడు నిలిచినప్పుడు ఆమెవైపు తిరుగుతాడు. శాపం లేదు, వరం లేదు. ఒక మనిషి తనకేమి కావాలో కనుగొన్నాడు. రామలింగారెడ్డి నాడు ప్రబంధాలపై మోపిన అభియోగం నేటి కరువు వర్ణనలకూ వర్తిస్తుంది. అష్టాదశవర్ణనలలో పురవర్ణన, ఋతువర్ణన ఉండేవి. ఇప్పుడు ఎండిన బావి వర్ణన, ఖాళీ పశువుల కొట్టం వర్ణన వచ్చినవి. వస్తువు మారింది, వర్ణన కోసం కథ ఆగిపోవడం మారలేదు.

ఆ రామలింగారెడ్డే అంతకు పూర్వం, 1899లో, మద్రాసు క్రైస్తవ కళాశాల విద్యార్థిగా అనంతపురం గాథను కావ్యవస్తువుగా స్వీకరించినాడు. బుక్కరాయసముద్రం చెరువుకట్ట తెగబోతున్నప్పుడు ఆత్మబలి చేసిన రెడ్లకోడలి కథ అది. కరువుసీమనుండి ఆధునిక కావ్యంలోకి ప్రవేశించిన తొలి ప్రసిద్ధకథ వరదను గూర్చినది కావడం ఒక విచిత్రం. జనశ్రుతిలో ముసలమ్మకు ఆంతరసంఘర్షణ లేదు. దేవత కోరింది, ఊరు మునుగుతున్నది, ఆమె వెళ్లింది. ‘ముసలమ్మ మరణము’లో కవి చేర్చింది వీడ్కోలు. అత్తమామల వద్ద, భర్త వద్ద, బిడ్డ వద్ద ఆమె సెలవు తీసుకొనే ఘట్టాలలో కోడలిధర్మం, భార్యధర్మం, తల్లిధర్మం, ఊరిధర్మం ఒకదానికొకటి ఎదురుపడతాయి. అయినా కావ్యం సగం దూరమే నడిచింది. ఆమె ‘పోను’ అనగలదన్న శంక పాఠకునికి ఒక్క క్షణమైనా కలగదు. అనగలిగీ అనకపోవడం వేరు. అనగల అవకాశమే కవి ఇవ్వకపోవడం వేరు. దీనికి దక్షిణాన, తనకల్లుకు సమీపంలోని గూటిబైలులో తిమ్మమ్మ మర్రిమాను ఉన్నది. సహగమనం చేసిన తిమ్మమ్మ చితిచెంత నాటిన గుంజ చిగిర్చి మర్రి అయిందని జనశ్రుతి. ఎకరాల కొలది విస్తరించిన ఆ చెట్టు క్రింద నిలిచిన కథకునికి ఆ స్త్రీ ఆ ఉదయాన ఏమి తలచినదన్న ప్రశ్న తోచాలి. గాథ ఆ ప్రశ్న వేయదు. వేయవలసింది నవల.

నవలలో ఆ ప్రశ్న అనంతపురం సీమకు వచ్చిన తీరు కూడా ఆలోచించదగినదే. అనంతపురంలో ఆంగ్లోపన్యాసకుడుగా పనిచేసిన బుచ్చిబాబు (1916–1967) ‘చివరకు మిగిలేది’లో దయానిధిని కోస్తానుండి రాయలసీమకు తరలించినాడు. తల్లిని గూర్చిన లోకనింద దయానిధికి బాహ్యం. ఆ నిందను తాను నమ్ముతున్నాడా లేదా అన్నది ఆంతరం. ఆ రెంటి రాపిడి అతనిని ప్రేమలోను, వివాహంలోను నిలువనీయక రాళ్లసీమకు చేర్చింది. తెలుగు నవలలో అంతర్ముఖ పాత్రకు అది నేటికీ ఒక గీటురాయి. అయితే ఆ నవలలో ఈ సీమ దయానిధి మనస్సుకు అద్దంగా పనికివచ్చింది. ఇక్కడి రాళ్లకు అర్థం ఉన్నది, ఇక్కడి సేద్యగానికి అంత అర్థం లేదు. అతని మనస్సులోకి నవల చూడదు. సీమవాసులైన కథకులు ఆ లోపాన్ని పూరించినారు. సేద్యగానిని కథకు కేంద్రంగా చేసినారు. కాని చాలామంది అతనికి బాహ్యాన్ని మాత్రమే ఇచ్చినారు. కోస్తా డాక్టరుకు మనస్సు ఉన్నది, మెట్టరైతుకు కష్టం ఉన్నది అన్న విభజన తెలియకుండానే స్థిరపడిపోయింది. ఇంతకంటే పెద్ద అసమానత సాహిత్యంలో ఉండబోదు.

ఇందుకు అపవాదాలు లేకపోలేదు. కేతు విశ్వనాథరెడ్డి (1939–2023) కథలలో ‘నమ్ముకున్న నేల’ అన్న పేరే ఈ విషయంలో ఒక పాఠం. నమ్ముకొనడానికీ అమ్ముకొనడానికీ తెలుగులో ఒక్క హల్లే తేడా. నేలను నమ్ముకున్నవాడు దానిని అమ్ముకొనే స్థితికి వచ్చినప్పుడు పోయేది ఆస్తి మాత్రమే కాదు, తాను ఎవరన్న తెలివి. బండి నారాయణస్వామి ‘శప్తభూమి’ (2019 కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం) పద్దెనిమిదవ శతాబ్దపు సీమకు పోయి, పాలెగాళ్ల వ్యవస్థలో మనుషులను నిలిపి చూపింది. చరిత్రలోకి వెళ్లడం వల్ల ఒక లాభం ఉన్నది: నేటి పాఠకునికి అలవాటైన జాలి అక్కడ అడ్డు రాదు.

జాలి నిజంగా అడ్డే. రైతు ఆత్మహత్యతో ముగిసే కథలు గడచిన మూడు దశాబ్దాలలో విస్తారంగా వచ్చినవి. అవి వాస్తవం నుండి పుట్టినవి. ఆ వాస్తవం ఎంత ఘోరమైనదో అనంతపురం సీమకు ఎవరూ చెప్పనక్కరలేదు. అయినా కథాశిల్పదృష్టితో చూస్తే చాలా కథలలో ఆ మరణం ఫలాగమస్థానంలో కూర్చున్నదే తప్ప, పాత్ర చేరుకున్న చోటు కాదు. కథకునికి తోచని ముగింపు స్థానంలో అది నిలుస్తున్నది. చనిపోయినవానిని ప్రశ్నించడం మర్యాద కాదు కనుక పాఠకుడూ విమర్శకుడూ మౌనం వహిస్తారు. ఆ మౌనాన్ని కథాబలంగా లెక్కించడం సరికాదు. అదే కుటుంబంలో మిగిలినవారి కథ మొదలయ్యేది ఆ మరుసటి దినం నుండి. భర్త పోయిన తరువాతనో, వలసపోయిన తరువాతనో పాసుపుస్తకం చేతబట్టి మొదటిసారి బ్యాంకు మెట్లెక్కిన స్త్రీ, అప్పు ఎంత ఉన్నదో అక్కడ తొలిసారి తెలుసుకుంటుంది. తనకు చెప్పకుండా ఇంత చేసినాడన్న కోపం, పాపం ఒంటరిగా మోసినాడన్న దుఃఖం ఆమెలో ఒక్కసారిగా కలుగుతాయి. ఏ ఒక్కదానినీ ఊరిలో పైకి చెప్పరాదు. ఏడాది తరువాత ఆమె చేను కౌలుకు ఇవ్వడమా, తానే చేయడమా అని మరిదితో వాదించగలిగితే అది పరిణామం. ఇటువంటి స్త్రీలు మండలానికి ఎందరో ఉన్నారు. కథలలో త్యాగమూర్తులుగా కనిపించినంత తరచుగా వీరు ఈ రూపంలో కనిపించరు.

దీనికి ఒక ఆక్షేపణ రాగలదు. ఆంతరసంఘర్షణ తీరికగల వర్గాల విలాసమనీ, ఆకలి ముందు మనస్తత్త్వ విశ్లేషణ అనుచితమనీ, కథ సామాజిక కారణాలను చూపితే చాలుననీ అభ్యుదయ విమర్శకులలో కొందరి వాదం. దీనిలో కొంత న్యాయం ఉన్నది. లోపలి గొడవలోనే మునిగి వెలుపలి దోపిడిని మరచిన రచనలు తెలుగులో తక్కువేమీ కాదు. కాని ఆకలిగొన్నవానికి మనస్సు ఒక్కటే ఉంటుందనీ, అది అన్నంవైపే తిరిగి ఉంటుందనీ భావించడం సామాజికదృష్టి అనిపించుకోదు. ఎద్దును సంతకు తోలుకొనిపోతూ దారిలో దానికి నీళ్లు పెట్టించే రైతుకు రెండు మనసులు ఉన్నవి. పైగా సామాజిక కారణాలు మనిషిలో పనిచేసేది కూడా ఇటువంటి క్షణాలలోనే. వడ్డీరేటు పుస్తకంలో అంకె. ఇంటికి వచ్చిన అప్పులవానికి కుర్చీ వేయాలా వద్దా అన్న సందేహంలో అది కథ.

పరిశోధనలో దీనివల్ల రాగల మార్పు చిన్నదే. ‘కరువు చిత్రణ’ అధ్యాయం ఉండనీ. దానిలో ఉదాహరించిన ప్రతి కథకూ, పాత్ర మొదట చేయలేనిది చివర ఏమి చేయగలిగింది, లేదా మొదట చేయగలిగినది చివర ఏమి చేయలేకపోయింది, అన్నది ఒక్క వాక్యంలో వ్రాయవలసి వస్తే ఉదాహరణల సంఖ్య బాగా తగ్గుతుంది. మిగిలిన కథలు నిలుస్తాయి. పతనం కూడా పరిణామమే. మూడవ బోరు వేయించినవాడు మొదటి బోరు వేయించినవాడు కాడు.

తరగతిగదిలోనూ అంతే. దశరూపకం చెప్పేటప్పుడు విమర్శసంధికి రత్నావళినుండి, వేణీసంహారంనుండి గ్రంథంలో ఉన్న ఉదాహరణలే తరతరాలుగా వల్లె వేయబడుతున్నవి. అవి చెప్పవలసినవే. కాని సీమ గ్రామాలనుండి ప్రాచ్యకళాశాలకు వచ్చే విద్యార్థికి విలోభనమంటే ఏమిటో వివరించడానికి వత్సరాజు దాకా పోనక్కరలేదు. ఇంకొక యాభై అడుగులన్న మాట అతడు తండ్రి నోట విన్నాడు.